ఊరి తోటల ప్రదర్శన ఊరివారి చేతిలోనే ఉండవలెను

వరికోతలు ముగిసి సంక్రాంతి సమీపించుసరికి ప్రతి యేట మా కార్యాలయమునకు ఒకటి రెండు గ్రామముల నుండి పెద్దలు వచ్చుచుందురు. "మా ఊళ్ళో కూరగాయలు, పూలమొక్కల ప్రదర్శన పెడదామనుకొంటున్నామండి. వచ్చిన డబ్బు బడికో, గ్రంథాలయానికో ఖర్చు చేస్తాం. తమరు దగ్గరుండి జరిపించాలి" అని అడుగుదురు. కోరిక మంచిది. అడిగిన తీరును మర్యాదగనే యుండును. అయినను ఈ మధ్య నేనిచ్చు సమాధానము వారికి రుచించుట లేదు. "ప్రదర్శన తప్పకుండా పెట్టండి. దగ్గరుండి జరిపించమని మాత్రం నన్ను అడగకండి. టిక్కెట్టు కొనుక్కొని వచ్చి చూస్తాను" అనుచున్నాను. ఆఫీసరు పని తప్పించుకొనుచున్నాడని కొందరు భావించిరి. ఒక సర్పంచి గారు ఆ మాట నా యెదుటనే అనిరి. నా సమాధానమునకు గల కారణము నాలుగు మాటలలో చెప్పుకొనుట మంచిదని తోచి దీనిని వ్రాయుచున్నాను.

ముందుగా ఒక భేదము గమనింపవలెను. బెంగుళూరు లాల్ బాగ్ తోటలో 1889 లో కట్టిన గాజు మందిరమున గణతంత్ర దినమునకు, స్వాతంత్ర్య దినమునకు జరుగు పుష్ప ప్రదర్శనను మనవారనేకులు చూచియుందురు. అట్టివి ప్రభుత్వ శాఖల అండతో జరుగును. జీతము తీసికొను తోటమాలులు నెలల తరబడి పని చేయుదురు. క్రొత్త రకములను, క్రొత్త పద్ధతులను జనులకు చూపుటయే వాటి ఉద్దేశ్యము. ఖర్చు ఎంతయైనదని అక్కడ ఎవరును తల పట్టుకొనరు. ఒక ఊరిలో నలుగురు స్వచ్ఛందముగా పూనుకొని, తమ పెరటి తోటలు చూపి, ఒక మంచి పనికి నాలుగు రూపాయలు కూడబెట్టదలచుట వేరు. ఇందు ఖర్చయిన ప్రతి రూపాయియు ఆ మంచి పని నోటి నుండి తీసినదే యగును. ఈ రెంటిని కలిపివేసి మొదటి దాని వేషము రెండవ దానికి తొడిగినచో ఏమి జరుగునో నేను స్వయముగా చేసి చూచితిని.

గోదావరి కాలువ క్రింద ఒక గ్రామము. పేరు అనవసరము. అక్కడ పెద్దలు ఏనాడో కట్టించిన గ్రంథాలయమొకటి గలదు. పెంకుటిల్లు. దూలములు గట్టివే గాని పెంకులు పగిలి, వాన వచ్చినప్పుడెల్ల కారుచుండెను. దానిని కనిపెట్టుకొని యుండు విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఒకరు, పొదుపు సంఘములోని స్త్రీలు కొందరు, చదువుకొన్న యువకులు ఇద్దరు ముగ్గురు కలిసి, తోటల ప్రదర్శన పెట్టి పైకప్పు బాగుచేయించుటకు నిశ్చయించిరి. వారందరికిని పెరటి సేద్యమున మంచి అలవాటు గలదు. నన్ను సలహా అడిగిరి. నేను అప్పటికి ఉద్యోగమునకు క్రొత్త. సలహా అడిగిన వారికి సలహాతో సరిపెట్టక, మొత్తము భారమును నా నెత్తిన వేసికొంటిని.

షామియానా వేయించితిమి. వేదిక, మైకు, గుమ్మమునకు పెద్ద బ్యానరు. ప్రదర్శన నిండుగా నుండవలెనని కడియం నర్సరీల నుండి వ్యాను నిండుగ పూలకుండీలు అద్దెకు తెప్పించితిని. చూచుటకు ముచ్చటగ నుండెను గాని, ముందు వరుసలోని కుండీలలో ఒక్కటైన ఆ ఊరి మట్టిలో పెరిగినది కాదు. టిక్కెట్లను పంచాయతీ సిబ్బంది చేత ఇంటికి రెండు చొప్పున పంచించితిమి. కాదనలేక జనులు డబ్బిచ్చిరి. ఇచ్చినవారిలో సగము మంది చూచుటకు రాలేదు. పన్ను కట్టినవాడు పన్నును చూచుటకు వచ్చునా?

బహుమతుల సమయమున మరియొక చిత్రము జరిగినది. వంకాయలకు మొదటి బహుమతి నేనే నిర్ణయించితిని. నున్నగా, ఒకే పరిమాణమున, ఒక్క పుచ్చు లేకుండ పళ్ళెములో అమర్చియున్నవి. పేరు చదువగానే ముందు వరుసలో కూర్చున్న ఒక చిన్న పిల్ల, "అవి మొన్న సంతలో మా నాన్న అమ్మినయ్యే" అని పైకే అన్నది. అందరును నవ్విరి. బహుమతి పుచ్చుకొనవలసిన ఆసామియు నవ్వెను. నేను నవ్వలేకపోతిని. బి.యస్సీ. చదివి వచ్చిన పరీక్షకునికి తెలియనిది, సంతలో తండ్రి ప్రక్కన కూర్చున్న పిల్లకు తెలిసినది.

షామియానా, మైకు, వ్యాను, దండలు, శాలువలు, అతిథుల ఫలహారములు పోను మిగిలినది 230 రూపాయలు. ఆ శాలువలలో ఒకటి నాకు కప్పినదే. ఆ వర్షాకాలమున గ్రంథాలయపు తూర్పు భాగము పూర్తిగ కారినది. నేను ఒకనాడు ఆ దారిని పోవుచు చూచితిని. మాస్టారు గారు అరుగుమీద తడిసిన పుస్తకములు పరచి ఆరబెట్టుచున్నారు. పాత పత్రికల సంపుటములు ఉబ్బి, అట్టలు విడిపోయి యున్నవి. ఆయన నన్ను ఒక్క మాట యనలేదు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చినారు. ఆ కాఫీ త్రాగుట నాకు కష్టమైనది.

తరువాత, ఇట్టి ప్రదర్శనలు ఇతరులు ఎట్లు జరుపుదురో చదువ మొదలిడితిని. అందు నాకు బాగుగ నచ్చినది ఇంగ్లండు వారి పద్ధతి. 1859 లో లివర్ పూల్ పట్టణమున విలియం రాత్ బోన్ అను వర్తకుడు, తన భార్య జబ్బుపడినప్పుడు ఇంటివద్ద సేవ చేసిన నర్సునే పిమ్మట ఆ పట్టణపు బీదల ఇండ్లకు వెళ్ళి సేవ చేయుటకు నియమించెను. ఇంటింటికి తిరుగు నర్సుల ఏర్పాటు అట్లు మొదలై దేశమంతట వ్యాపించినది. 1926 లో ఆ నర్సుల శిక్షణకు, వృద్ధులై పని మానిన నర్సుల పోషణకు నిధి కావలసి వచ్చినది. ఆ సంస్థ పాలకవర్గ సభ్యురాలైన ఎల్సీ వాగ్ అను ఆమె ఒక ఉపాయము చెప్పెను. చక్కని తోటలు గలవారు తలకొక షిల్లింగు పుచ్చుకొని తమ తోటలను జనులకు చూపవలెనని ఆమె సూచన. 1927 లో 609 తోటలవారు వాకిళ్ళు తెరచిరి. సమకూడిన సొమ్ము 8,191 పౌనులు.

ఈ అంకెలను ఒక్క క్షణము విడదీసి చూడుడు. ఆనాటి లెక్కను పౌనుకు 20 షిల్లింగులు. తోట ఒక్కంటికి సగటున 13 పౌనులకు కొంచెము పైగా, అనగా సుమారు 269 షిల్లింగులు వచ్చినట్లు. ఒక తోట చూచుటకు వచ్చు జనము ఎంత? మన ఊళ్ళలో ఒక మోస్తరు పెండ్లికి వచ్చినంత. ఏ ఒక్క తోటయు గొప్ప మొత్తము తేలేదు. ఏ ఒక్కరును గొప్ప మొత్తము ఈయలేదు. తోటలు చాల, ఖర్చు స్వల్పము కనుక మొత్తము పెద్దదైనది. ఈ కిటుకు నేను పెట్టించిన షామియానా క్రింద లేదు. తోట యజమాని తన మొక్కలను ఎక్కడికిని మోసికొని పోనక్కర లేదు. చూచువారే నడచి వత్తురు. అద్దె పందిరి లేదు, వ్యాను లేదు. ఇతరుల కుండీలను తెచ్చి తనవని చూపుటకును అంతగా వీలులేదు.

1948 లో ఆ దేశ ప్రభుత్వమే ఆరోగ్య సేవను చేపట్టి నర్సుల భారమును తీసికొన్నది. తోటలవారు మాత్రము పని మానలేదు. విశ్రాంత నర్సులకు, శిక్షణకు డబ్బు ఇంకను కావలసియుండెను. నేటికిని యేటేట మూడు వేలకు పైగా తోటలు అట్లు తెరువబడుచున్నవి. ఆ సొమ్ము నర్సింగు, ఆరోగ్య సేవా సంస్థలకు పోవుచున్నది. ఏ తోట ఏ తేదీన తెరచియుండునో తెలుపు పుస్తకమొకటి పసుపుపచ్చని అట్టతో వెలువడును. జిల్లాల వారీగా పని చూచువారు స్వచ్ఛంద సేవకులే. తోటలలో టీ, ఇంట చేసిన తినుబండారములు, నారుమొక్కలు అమ్ముదురు. మొదట తెరచినవి చాలవరకు సంపన్నుల ఉద్యానములే యని ఒప్పుకొనవలెను. ఇప్పుడు చిన్న ఇండ్ల తోటలును, ఒక ఊరివారు కలిసి ఒకే దినమున తెరచు తోటలును అందు చేరినవి.

ఇది తెల్లవారి వేడుక, మనకు పొసగదని అనువారుందురు. మన హైదరాబాదు నుమాయిషు మాటేమి? 1938 లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘమువారు, సంస్థానపు ఆర్థిక పరిస్థితులను సర్వే చేయుటకు డబ్బు కావలసి, పబ్లిక్ గార్డెన్సులో స్థానిక వస్తువుల ప్రదర్శన పెట్టిరి. అది తోటల ప్రదర్శన కాదు గాని, పద్ధతి అదియే. పూనుకొన్నవారు స్వచ్ఛందులు. ప్రవేశమునకు టిక్కెట్టు. మిగులు ఒక మంచి పనికి. 1946 లో అది నాంపల్లిలోని ఇప్పటి మైదానమునకు మారినది. నేడు ఆ ఎగ్జిబిషన్ సొసైటీ ఆదాయముతో సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము వంటి విద్యాసంస్థలు నడచుచున్నవి. కాబట్టి, టిక్కెట్టు కొని ఒక మంచి పనికి తోడ్పడుట తెలుగువారికి క్రొత్త కాదు.

మరుసటి యేడు మాస్టారు గారివద్దకు వెళ్ళి ఇదంతయు చెప్పితిని. ఆయన సగము విని, "మా ఆడపిల్లలు అదే అనుకొంటున్నారు బాబూ. ఈసారి మీరు చూడటానికి రండి" అనిరి. ఆ మాటలో చీవాటు లేదు. అయినను నేను గ్రహింపవలసినది గ్రహించితిని.

సంక్రాంతి తరువాతి ఆదివారము ఉదయము 8 గంటలకు వెళ్ళితిని. గ్రంథాలయపు గోడమీద సున్నముతో, జాజుతో ఊరి పటము గీసియున్నది. తెరచిన 22 పెరళ్ళకు అంకెలు వేసిరి. గుమ్మములో చిన్న బల్ల. బల్లవద్ద కూర్చున్న ఆమె నన్ను చూచి లేచి నమస్కారము చేసి, "ఏవో గారూ, టిక్కెట్టు పది రూపాయలండి" అన్నది. ఉద్యోగములో చేరిన తరువాత ఒక సభకు డబ్బిచ్చి వెళ్ళుట నాకు అదియే మొదటిసారి. చిత్రముగా నుండెను. బాగుగను ఉండెను.

దారి గ్రంథాలయము నుండి పెద్ద వీధి మీదుగ చేనేతవారి వీధికి, అక్కడ నుండి కాలువ వంతెన దాటి కాలనీకి. పెద్ద వీధిలోని ఆసాములు కొందరు ఆ వంతెన దాటి ఎంత కాలమైనదో వారికే తెలియవలెను. ఓట్ల సమయమున తప్ప దాటి యుండరు. ఆ దినము టిక్కెట్టు చేత పట్టుకొని దాటిరి. కాలనీలో రెండు సెంట్ల స్థలములోని ఒక ఇంటివద్ద జనము గుమిగూడియుండిరి. కప్పుమీద ఆనప పాదు. ప్రక్క గోడమీద చిక్కుడు. స్నానపు నీరు పోవు చోట బచ్చలి. పగిలిన కుండలో పుదీన. పెంటకుప్ప అంచున గుమ్మడి. ఒక్క జానెడు నేలయైనను వృథాగా లేదు. ఆనప పిందెలకు పాత గుడ్డ సంచులు తొడిగియున్నవి. పండుఈగ వచ్చి పిందెలో గ్రుడ్లు పెట్టకుండుటకు ఆమె ఎవరును చెప్పకయే కనిపెట్టిన ఉపాయమట. మా శాస్త్రమును పిందె దశలోనే సంచి తొడుగుమని చెప్పును. ముప్పది ఎకరముల రైతు ఒకాయన ఆమెను నిలబెట్టి పది ప్రశ్నలు అడిగి, చివరకు చిక్కుడు విత్తనము కావలెనన్నాడు. ఆమె ఊరికే ఈయలేదు. "ఐదు రూపాయలు గ్రంథాలయం డబ్బాలో వెయ్యండి" అన్నది. ఆయన పది వేసెను.

నా ఉద్యోగములో నేను ఏర్పాటు చేసిన శిక్షణ తరగతులు చాలయే గలవు. అందు వేటిలోను ఆ వీధివారు చెప్పగా ఈ వీధివారు వినుట నేను చూడలేదు. నిధి సంగతి అటుంచి, దీనికొరకైనను పెరళ్ళను పెరళ్ళలోనే చూపవలెనని నా గట్టి అభిప్రాయము.

డబ్బు విషయమునకు వత్తును. టిక్కెట్టు కంటె నారు అమ్మకములో ఎక్కువ వచ్చినదని మాస్టారు గారు చెప్పిరి. అందు వింత లేదు. చిటికెడు టమాట విత్తనము నుండి వందల మొక్కలు లేచును. పెట్టుబడి విత్తనము, చివికిన పశువుల ఎరువు, రోజూ చల్లు నీరు. ఖాళీ కొబ్బరిబోండముల డిప్పలలో, చిల్లులు పొడిచిన పాత డబ్బాలలో పెంచిరి. టమాట నారు 25 నుండి 30 దినముల వయస్సున, వంగ నారు 30 నుండి 35 దినముల వయస్సున అమ్మకమునకు సిద్ధము కావలెను. ముదిరిన నారు అంటగట్టినచో కొన్నవాడు మరుసటి యేడు రాడు. వేసవి పంటకు బెండ, బీర, దోస విత్తనములు చిన్న పొట్లములు కట్టి అమ్మిరి. వర్షాకాలమున కొమ్మలు నాటి వేళ్ళు తొడిగించిన మల్లె, మందార, నందివర్ధనము, తల్లి చెట్టు చుట్టును లేచిన కరివేపాకు పిలకలు మధ్యాహ్నమునకే అయిపోయినవి. కరివేపాకు పిలక కొరకు ఇద్దరు ఇల్లాండ్రు మాటా మాటా అనుకొనుట గూడ చూచితిని. అంట్లు కట్టిన మామిడి, నిమ్మ మొక్కలను బయట నుండి తెచ్చి లాభమునకు అమ్ముదమని యువకుడొకడు అనగా స్త్రీలు ఒప్పుకొనలేదు. వారు చేసినది సరియని నా ఉద్దేశ్యము. కొని తెచ్చి అమ్ముట వ్యాపారము. అందు నష్టము వచ్చినచో గ్రంథాలయము భరింపవలెను.

బహుమతుల సంగతి చిక్కైనది. బహుమతి లేనిచో ఉత్సాహముండదని కొందరందురు. బహుమతి పెట్టినచో సంత వంకాయలు వచ్చును. అంతకు మించిన ప్రమాదము వేరొకటి గలదు. పుచ్చు లేని కాయకు, మచ్చ లేని ఆకునకు మార్కులు వేయుదుమన్నచో, పోటీదారు ముందురోజు సాయంత్రమే మందు కొట్టును. పురుగుమందు కొట్టిన తరువాత డబ్బాపై సూచించిన దినములు గడచిన గాని కాయ కోయరాదని మేము ఊరూర చెప్పుచు, ప్రదర్శనలో దానికి విరుద్ధమైన దానికి పతకము కట్టుట ఏమి న్యాయము? ఆ ప్రదర్శన అయిన తరువాత ఆ కాయలను పిల్లలు తిందురు. అందుచేత పోటీ పెట్టదలచినవారు పళ్ళెమును గాక పెరటిని చూడవలెను. అదియు ఒక్కసారి గాక, నాట్లప్పుడు, పూతప్పుడు, కాపప్పుడు మూడుసార్లు చూచి పుస్తకములో వ్రాసికొనవలెను. ఏ మందు ఎప్పుడు కొట్టినది పెరటివారే చెప్పవలెను. వేపగింజల కషాయముతో సరిపుచ్చుకొన్నవారికి నాలుగు మార్కులు ఎక్కువ వేసినను తప్పులేదు.

ఆ ఊరివారు వేరొక మార్గము త్రొక్కిరి. ప్రతి పెరటి గుమ్మములో ఒక కుండ పెట్టిరి. చూచినవారు తమ టిక్కెట్టులో సగము చించి, తమకు మెచ్చిన పెరటి కుండలో వేయవలెను. చుట్టములు చుట్టములకే వేయుదురని నేను అనుమానపడితిని. కొంత అట్లే జరిగియుండును. అయినను ఎక్కువ చీటీలు పడినది ఆ రెండు సెంట్ల కాలనీ ఇంటికే. ఆమెకు అంత బలగము లేదు. బహుమతిగా ఒక మోదుగాకుల విస్తరిలో ఐదు రకముల విత్తనములు ఇచ్చిరి. శాలువ లేదు.

నేనును ఆ దినము ఊరక కూర్చొనలేదు. చెట్టు క్రింద ఒక బల్ల, భూతద్దము ఇచ్చి, "తెగులు ఆకులు చూడండి" అనిరి. సాయంత్రము వరకు చూచితిని. బెండలో పల్లాకు తెగులు, వంగలో వెర్రి తెగులు ఎక్కువగ వచ్చినవి. మొదటిది తెల్లదోమ వలన, రెండవది పచ్చదోమ జాతి పురుగు వలన వ్యాపించునని, ఒకసారి సోకిన మొక్కకు మందు లేదని, పీకి కాల్చివేయుట మేలని చెప్పితిని. కాపునకు వచ్చిన మొక్కను పీకుమన్నప్పుడు ఇల్లాండ్ర ముఖములు చూడవలెను. ఒకామె ఆకును నా చేతి నుండి తిరిగి తీసికొని మారుమాట లేకుండ వెళ్ళిపోయినది. ఆమె పీకలేదనుకొందును. ఏది ఎట్లున్నను, శాఖ ఉద్యోగికి ఇట్టి ప్రదర్శనలో తగిన చోటు ఆ చెట్టు క్రింది బల్లయే గాని వేదిక కాదు.

గ్రామాధికారులకు ఒక మనవి. పంచాయతీ కార్యదర్శి గాని, ఇతర ఉద్యోగి గాని టిక్కెట్టు పుస్తకమును ముట్టుకొనరాదు. అధికారి చేతిలోని టిక్కెట్టు టిక్కెట్టు కాదు, తాఖీదు. ధ్రువపత్రము కొరకో, పింఛను కొరకో మీవద్దకు వచ్చిన ముసలమ్మ, మీరు చూపిన టిక్కెట్టును కాదనగలదా? ఆమె పది రూపాయలతో గ్రంథాలయపు కప్పు వేయుటకంటె కప్పు కారుటయే నయము. మీరు చేయదగిన పనులు వేరే గలవు. ముందురోజు దారిలోని మురుగు కాలువ తీయించుడు. వంతెన ప్రక్క ముళ్ళపొదలు కొట్టించుడు. త్రాగునీటి డ్రమ్ము పెట్టించుడు. ఇవి చేసినవారికి జనులు తామే కృతజ్ఞులగుదురు.

లెక్కల విషయమున సందేహము లేకుండ నుండవలెను. ఆ రాత్రియే ఇద్దరు వేరువేరుగ లెక్కించి, మొత్తమును పటము గీసిన గోడమీదనే సుద్దతో వ్రాసిరి. టిక్కెట్లు ఎన్ని తెగినవి, నారు వలన ఎంత, టీ వలన ఎంత, ఖర్చు ఎంత. ఖర్చులో సున్నము, జాజు, పాలు, పంచదార తప్ప వేరేమియు లేదు. మరునాడు సొమ్ము బ్యాంకులో వేసిరి. యేటేట జరుపదలచిన సంఘములు ఆంధ్రప్రదేశ్ సంఘముల రిజిస్ట్రేషను చట్టము, 2001 క్రింద నమోదు చేయించుకొనుట మంచిది. అప్పుడు బ్యాంకు ఖాతా ఒక వ్యక్తి పేర గాక సంఘము పేర నుండును. నిజాయితీపరుడైన మనిషికి ఇది మరింత అవసరము. అతని చేతిలో ఊరి డబ్బున్నంత కాలము ఎవడో ఒకడు ఏదో ఒకటి అనుచునే యుండును.

ఇంత శ్రమ ఎందుకు, ఒక్క ధనవంతుని అడిగినచో చెక్కు వ్రాసి ఇచ్చును గదా యని ఆ ఊరిలోనే ఒకరు వాదించిరి. నిజమే, ఇచ్చును. పిమ్మట గోడమీద పలకయు పెట్టించుకొనును. గ్రంథాలయములో ఏ పత్రిక తెప్పించవలెనో, ఏది మానవలెనో ఆయన ఇష్టమగును. దాతలను నేను తక్కువ చేయుట లేదు. మన పల్లెలలో బడులు, సత్రములు, చెరువులు దాతల చలువయే. కాని పది రూపాయల టిక్కెట్టు కొన్నవాడు, కప్పు కారినచో "మా గ్రంథాలయం కారుతోంది" అనును. చెక్కు వచ్చిన చోట "ఆయన గ్రంథాలయం" అనును.

అంతకంటె బలమైన ఆక్షేపణ ఒకటి గలదు, దానికి నావద్ద పూర్తి సమాధానము లేదు. ఇట్టి పనులన్నియు నలుగురైదుగురి భుజములమీదనే పడును. మూడవ యేటికి వారు అలసిపోవుదురు. పెరడు తెరచువారికి ముందు వారమంతయు కలుపు తీయుటతో, ఊడ్చుటతో నడుము విరుగును. ఒకే పెరటిని యేటేట తెరువనీయక, సగము పెరళ్ళను ఒక యేడు, మిగిలిన సగమును మరొక యేడు తెరచుట కొంత ఉపశమనము. బడిపిల్లలకు దారి చూపు పని అప్పగింపవచ్చును. అయినను అలసట అలసటయే. అలసినవారు ఒక యేడు మానివేసినచో ఊరు వారిని నిందింపరాదు. శాఖవారు ఆ సందులో దూరి, "మేము జరిపించెదము" అని షామియానా వేయించరాదు.

ఆ యేటి సొమ్ముతో గ్రంథాలయపు తూర్పు భాగమునకు మాత్రమే పెంకులు మార్చగలిగిరి. పడమటి భాగము ఇంకను మిగిలియున్నది. అక్కడి బీరువాలను తూర్పు గదిలోకి జరిపి సర్దుకొనుచున్నారు. మొన్న వెళ్ళినప్పుడు రానున్న జనవరి ప్రదర్శనకు ఏర్పాట్లు నడచుచుండెను. చేమంతి పిలకలు జూన్, జూలై నెలలలోనే నాటుకొనవలెనని, పొట్టి పగళ్ళలోనే అది పూయును గనుక ఆలస్యమైనచో మొక్క ఎదుగకయే మొగ్గ తొడుగునని చెప్పితిని. చిక్కుడు నాటు రకములును అంతే, ఆగస్టు దాటనీయరాదు. బంతి నారు అక్టోబరు నడుమ పోసి, నవంబరు నడుమ నాటి, నెలకు తల త్రుంచినచో గుబురుగ పెరిగి పండుగ నాటికి పూలు నిండుగ నుండును. టమాట, వంగ నారు అమ్మకమునకు విత్తనము డిసెంబరు రెండవ వారమున పోయవలెను. ఇవన్నియు వ్రాసికొని, టిక్కెట్టు ఈసారి పదిహేను చేయుదమా, పదియే ఉంచుదమా యని నన్ను అడిగిరి. అది మీరే తేల్చుకొనుడని చెప్పి వచ్చితిని.